రంగం నుంచి వచ్చిన తాత కథ: మనవరాలి చేత ఎలా అడిగించాలి, ఎలా దాచాలి, దేనితో సరిచూడాలి?

తూర్పుగాలి:
ఇంట్లో పెద్దాయనకు 87 ఏళ్లు. పుట్టింది బర్మాలో (మనవైపు మాటలో రంగం), రంగూన్‌లో. వాళ్ళ నాన్న విజయనగరం వైపు పల్లె నుంచి ఓడెక్కి వెళ్ళి అక్కడి బియ్యం మిల్లులో పనిచేశారు. యుద్ధం వచ్చినప్పుడు కుటుంబం నడిచి ఇండియా చేరింది. యుద్ధం అయ్యాక మళ్ళీ రంగం వెళ్ళింది. 1960ల్లో ఓడలో విశాఖలో దిగి ఇక్కడే ఉండిపోయింది. మనవరాలికి 13 ఏళ్లు, తనే కూర్చుని అడుగుతానంటోంది. మిగతావాళ్ళు అడిగితే "ఇప్పుడెందుకులే" అనేస్తారు గానీ ఆ పిల్ల అడిగితే చెప్తారు.

తెలిసినవాళ్ళు చెప్పండి. రికార్డింగ్ ఎలా చేయాలి? ఆయన చెప్పే సంవత్సరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, వాటిని విడదీయడం ఎలా? ఓడల జాబితాల్లో వాళ్ళ నాన్న పేరు దొరుకుతుందా? ఇంట్లో ఏ కాగితాల కోసం వెతకాలి?

మైకు_మాస్టారు:
రికార్డింగ్ సంగతి చెప్తాను, మిగతావి చరిత్ర తెలిసినవాళ్ళు చెప్తారు.

కొత్త పరికరం కొనక్కర్లేదు, ఫోన్ చాలు. రికార్డర్ యాప్ సెట్టింగుల్లో ఫార్మాట్ వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో పెట్టండి. గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. మొదలుపెట్టే ముందు కనీసం 5 జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకోండి. మీ యాప్‌లో వేవ్ లేకపోతే ఉన్నవాటిలో పెద్ద నాణ్యత ఎంచుకోండి. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, ఆగిందని ఎవరూ గమనించరు.

ఫోన్ కింద అంచున మైకు ఉంటుంది, ఆ అంచు తాతగారి వైపు ఉండాలి. జానెడు నుంచి మూరెడు లోపు దూరం. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు వేసి దాని మీద ఫోన్ పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు, వేళ్ళతో కొట్టిన చప్పుడు లోపలికి రావు. కాలర్ మైకు ఉంటే చొక్కా రెండో గుండీ దగ్గర తగిలించండి. భుజం మీద కండువా ఉంటే తీసేయమనండి, అది రాసుకుంటే గంట రికార్డింగూ గరగరే.

అందరూ పాడుచేసుకునేది సీలింగ్ ఫ్యాను వల్ల. వింటున్నప్పుడు చెవికి అలవాటైపోయి తెలియదు, రికార్డింగ్‌లో మాత్రం స, శ, ష, హ అన్నీ దాని కింద నలిగిపోతాయి. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీయబోతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. అందుకే పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, ఫ్యాను ఆపి చేయండి. పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న పడగ్గది మంచిది. ఖాళీ హాలులో గొంతు మారుమోగుతుంది. ఫ్రిజ్ పక్కగదిలో ఉన్నా ఆపేయండి. తిరిగి వేయడం మరిచిపోతారు కాబట్టి ఇంటి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, బయటికి వెళ్ళేటప్పుడు ఎలాగూ గుర్తొస్తుంది.

మనవరాలు ఎదురుగా కాకుండా పక్కవాటుగా, ఆయనకు బాగా వినపడే చెవి వైపు కూర్చోవాలి. కట్టుడుపళ్ళు వదులుగా ఉంటే టక్కుటక్కుమంటాయి, ముందే సరిచేయించండి. ఒక్క నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌తో విని, ఆ తర్వాతే అసలుది మొదలుపెట్టండి. ప్రతి ఫైలు మొదట్లో అమ్మాయి తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు, గదిలో ఇంకెవరున్నారు అన్నది పైకి చెప్పాలి. ఫైలు పేరు ఎవరైనా మార్చేసినా లోపల గుర్తు ఉంటుంది.

ఒక సిట్టింగ్ 40 నుంచి 50 నిమిషాలు. ఆయన ఇంకా చెప్తానన్నా ఆపండి. అలసిన గొంతు మరుసటి రోజు రానంటుంది.

గోదారి_పిల్ల:
వీడియో తీయకూడదా? ఆయన ముఖం కూడా ఉంటుంది కదా.

మైకు_మాస్టారు:
తీయండి, కానీ అన్ని సిట్టింగులకూ వద్దు. కెమెరా పెట్టగానే చాలామంది పెద్దవాళ్ళు సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. మూడు ఆడియో సిట్టింగులు అయ్యాక, ఫొటోలూ కాగితాలూ చూపించే రోజున వీడియో పెట్టండి. ఆ రోజు ఆయన చూపు ఫొటో మీద ఉంటుంది, కెమెరాని పట్టించుకోరు. అప్పుడు కూడా ఆడియో విడిగా రికార్డు చేయండి.

కాపీల సంగతి కూడా ఇక్కడే. అదే సాయంత్రం మూడు కాపీలు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్ళో బంధువు దగ్గర గానీ క్లౌడ్‌లో గానీ. పెన్‌డ్రైవ్‌ని రవాణాకు వాడండి, భద్రపరచడానికి వద్దు. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. ఆడియోగా పంపితే నలిగి చిన్నదైపోతుంది, తర్వాత అదే అసలుదని అందరూ దాన్నే దాచుకుంటారు.

కళింగ_రేవు:
సంవత్సరాల గురించి. "ఏ సంవత్సరం తాతా?" అని అడగడం మానేయండి. సంఘటన పట్టుకుని ముందా, తర్వాతా అని అడగాలి. ఆ సంఘటనల తేదీలు మన దగ్గర ఉంటే చాలు.

వాళ్ళ నాన్న కాలానికి: 1930 మే 5న పెగూలో పెద్ద భూకంపం, రంగూన్‌లో కూడా ఇళ్ళు కూలాయి. అదే నెలాఖరులో ఓడరేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య గొడవ. సమ్మెలో ఉన్న మనవాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళను పెట్టి, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మనడంతో అది చెలరేగింది. "భూకంపం నాటికి మీ నాన్న అక్కడున్నాడా?" అంటే జవాబు వస్తుంది, ఇంట్లో చెప్పుకుని ఉంటారు కాబట్టి. 1938 జూలైలో మళ్ళీ అల్లర్లు. మధ్యలో 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది.

ఇంకో చిన్న ఆనవాలు. విశాఖ లోపలి హార్బరు 1933లో తెరిచారు. అంతకుముందు ఓడ దూరంగా సముద్రంలో నిలబడేది, జనం పడవల మీద అలలు దాటి వెళ్ళి ఎక్కేవారు. "మా నాన్న విశాఖలో పడవ మీద పోయి ఓడెక్కాడట" అంటే 1933కి ముందు అయ్యుండొచ్చు. ఇది ఆధారం కాదు, సూచన మాత్రమే. భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవులకు ఈ లెక్క అసలు పనికిరాదు, అక్కడ ఓడ దూరంగానే ఆగేది.

ఇక యుద్ధం. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబర్ 23న, మళ్ళీ క్రిస్మస్ రోజున. నగరం జపాన్ చేతికి చిక్కింది 1942 మార్చి 8న. పెద్దాయనకు ఇప్పుడు 87 అంటే అప్పటికి మూడు నాలుగేళ్లు. అంటే నడక గురించి ఆయన చెప్పేదంతా చాలావరకు వాళ్ళమ్మ చెప్పింది. విలువ తగ్గదు, కానీ రాసేటప్పుడు ఆ తేడా కనపడాలి.

ఏ దారిన వచ్చారో ఆయన మాటల్లోనే పట్టుకోవచ్చు. ప్రోమ్ దాకా వచ్చి, అక్కడి నుంచి కొండలు దాటి టాంగుప్, తర్వాత పడవ, అక్యాబ్, చిట్టగాంగ్ అంటే అరకాన్ దారి. ఆ దారిలో నీళ్ళు లేక, కలరా వచ్చి చాలామంది పోయారు, కాబట్టి "వాంతులు, విరేచనాలు" మాట వస్తే ముందు ఈ దారినే అనుమానించండి. మాండలే, నది మీద పడవ, కలేవా, టాము, కొండ, పాలేల్, ఇంఫాల్, చివర దీమాపూర్‌లో రైలు అంటే మణిపూర్ దారి. ఆ స్టేషన్‌ని అప్పట్లో మణిపూర్ రోడ్ అనేవారు, ఆయన నోట ఆ పేరే రావచ్చు. తెల్లవాళ్ళకు ఒక బాట, మనవాళ్ళకు ఇంకో బాట అన్న మాట కూడా ఈ దారి గురించే వినిపిస్తుంది. వానలు, బురద, జలగలు, నాగా కొండలు, లేడో అంటే హుకాంగ్ లోయ దారి. అది ఆలస్యంగా, మే తర్వాత బయలుదేరిన వాళ్ళ దారి. ఇవేవీ లేకుండా ఓడ మాత్రమే చెప్తే రంగూన్ పడిపోకముందే ఓడ దొరికిందన్నమాట.

ఒక తికమక తప్పక వస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. "బాంబులు పడ్డప్పుడు పరుగెత్తాం" అంటే ఏ ఊళ్ళో అన్నది వెంటనే అడగాలి. తర్వాత అడిగితే రెండూ కలిసిపోతాయి.

1960ల సంగతి తేలిక. 1962 మార్చి 2న నె విన్ సైన్యం అధికారం తీసుకుంది. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులు, 1964 మార్చిలో దుకాణాలు ప్రభుత్వపరం. 1964 మే 17న 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు. "నోట్లు చెల్లకుండా పోయాక వచ్చామా, ముందే వచ్చామా?" అన్న ఒక్క ప్రశ్నతో ఓడెక్కిన కాలం బాగా దగ్గరికి వస్తుంది. డబ్బు పోయిన రోజు ఎవరూ మరిచిపోరు.

సంద్రపు_పిట్ట:
ఓడల జాబితాలు దొరుకుతాయి కదా? మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్ళినవాళ్ళకు 1860లో ట్రూరో ఓడ నుంచి 1911 దాకా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ నంబరుతో సహా ఉన్నాయి. ఫిజీ వాళ్ళకు ఎమిగ్రేషన్ పాసులున్నాయి. మారిషస్ వాళ్ళవి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. బర్మావి కూడా ఎక్కడో ఉండాలి.

పాత_దస్తావేజు:
ఉండవండీ, దానికి కారణం ఉంది. నటాల్, ఫిజీ, మారిషస్ వెళ్ళినవాళ్ళు ఒప్పంద కూలీలు. ఒప్పందం ఉంది కాబట్టి మనిషికో కాగితం పుట్టింది. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రాంతం. విశాఖ నుంచి రంగూన్ వెళ్ళడం చట్టం దృష్టిలో మద్రాసు వెళ్ళినట్టే. పాస్‌పోర్టు లేదు, పాసు లేదు. మేస్త్రీ, అంటే కూలీలను పోగుచేసి తీసుకెళ్ళేవాడు, అడ్వాన్సు ఇచ్చి డెక్ టికెట్ కొని ఎక్కించేవాడు, ఆ అప్పు రంగంలో కూలిలోంచి కోసుకునేవాడు. ప్రభుత్వం రేవుల్లో తలలు లెక్కపెట్టింది గానీ పేర్లు రాసుకోలేదు. మేస్త్రీ లెక్కల పుస్తకంలో పేరు ఉండి ఉంటుంది, అది ఎవరి ఇంట్లోనో చెదలు తినేసి ఉంటుంది. కాబట్టి ఓడల జాబితాల కోసం డబ్బు ఖర్చుపెట్టకండి. వెతికిపెడతామని డబ్బడిగే వెబ్‌సైట్లు చూపించేవి నటాల్ జాబితాలే. అదే పేరున్న వేరే మనిషిని మీ ముత్తాతగా అంటగడతాయి.

ఇంట్లో దొరికే కాగితాలు వేరు. పెట్టె అడుగున, దేవుడి గూట్లో, బ్యాంకు లాకర్‌లో వెతకండి.

మొదటిది, బర్మాలో ఇచ్చిన విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పౌరసత్వం తీసుకోని మనవాళ్ళు పెట్టుకోవలసి వచ్చింది. ఫొటో, తండ్రి పేరు, వృత్తి, చిరునామా వంటివి ఉంటాయి, రెన్యువల్ ముద్రలు వరసగా చూస్తే ఏ ఏడాది ఎక్కడున్నారో తెలుస్తుంది. రెండోది, రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చిన పాస్‌పోర్టు లేదా ఎమర్జెన్సీ సర్టిఫికెట్. దాని మీద దిగిన రేవు ముద్ర, తేదీ ఉంటే 1960ల ప్రయాణానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. మూడోది, వచ్చాక కాందిశీకులకు ఇచ్చిన స్థలం, రుణం తాలూకు కాగితాలు. విశాఖలో బర్మా క్యాంప్ లాంటి చోట ఉన్నవాళ్ళకు ఇవి దొరికే అవకాశం ఎక్కువ. కాందిశీకుల కోసం 1969లో మద్రాసులో పెట్టిన రెప్కో బ్యాంకు సభ్యత్వ కాగితం ఉన్నా పనికొస్తుంది.

ఇంటి బయట రెండు చోట్ల చూడండి. ఒకటి, పిల్లలు ఇక్కడికి రాగానే చేరిన బడి. అడ్మిషన్ రిజిస్టర్‌లో చేరిన తేదీ, అంతకుముందు చదివిన బడి వరస ఉంటాయి. విద్యా సంవత్సరం మధ్యలో చేరినట్టు ఉంటే ఓడ దిగిన నెల దాదాపు తెలిసినట్టే. రెండోది, రంగం డబ్బుతో ఊళ్ళో కొన్న భూమి దస్తావేజు. కొన్నవాడి వివరంలో "ప్రస్తుతం రంగూన్‌లో నివాసం" లాంటి మాట ఉండొచ్చు, తరఫున సంతకం పెట్టిన అన్నగారి పేరు ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకుముందువాటికి ఆ గ్రామం ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడే దరఖాస్తు పెట్టాలి. సర్వే నంబరు, సుమారు సంవత్సరాలు, కొన్నవాడి పేరు ఇవ్వకపోతే వెతకరు.

ఊరి జిల్లా పేరుతో జాగ్రత్త. ఇప్పటి విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, శ్రీకాకుళం 1950లో. అంతకుముందు కాగితాల్లో చాలావరకు విశాఖపట్నం జిల్లానే. గంజాం 1936లో ఒరిస్సాకు వెళ్ళింది, అంతకుముందు కాగితాల్లో శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం వైపు ఊళ్ళు గంజాం కిందే కనిపించవచ్చు. 2022 నుంచి పుట్టిన జిల్లాల పేర్లతో వెతికితే ఏమీ రాదు.

పుట్టినతేదీ జూలై 1 అనో జనవరి 1 అనో ఉంటే అది గుమాస్తా రాసిన తేదీ. వయసు లెక్కకు దాన్ని నమ్ముకోవద్దు.

నాణేలపెట్టె:
పాత డబ్బాలో నోట్లు, నాణేలు, కవర్లు ఉంటే పారేయకండి, కడగకండి, ఇస్త్రీ చేయకండి. కాలం చెప్పడంలో కాగితాలతో సమానం.

బర్మాలో 1952 దాకా రూపాయే. చాట్ ఆ ఏడాది వచ్చింది, అదే విలువకు. అందుకే "రంగంలో నెలకిన్ని రూపాయలు" అన్న మాట యుద్ధం ముందు కాలానికీ, యుద్ధం తర్వాతి కొన్నేళ్ళకూ సరిపోతుంది. "చాట్" అన్నారంటే 1952 తర్వాత. ఇండియా నోటు మీద బర్మాలో మాత్రమే చెల్లుతుందని ఇంగ్లీషులో అచ్చు ఉంటే 1937 తర్వాతిది. జపాన్ వాళ్ళ కాలం నోట్లు చూడగానే తెలుస్తాయి, సీరియల్ నంబరు బదులు అక్షరాలుంటాయి. బి అక్షరంతో మొదలైతే బర్మాది, ఎం అయితే మలయాది. జపాన్ ఓడిపోగానే అవి చిత్తుకాగితాలయ్యాయి, అందుకే ఇళ్ళల్లో పిల్లల ఆటకు మిగిలాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, 1942లోనే నడిచి వచ్చేసిన కుటుంబం దగ్గర బి నోట్ల కట్ట ఉంటే, ఎవరో ఒకరు యుద్ధం అంతా అక్కడే ఉండిపోయారేమో అడగాలి.

కవర్ల మీద స్టాంపులు చూడండి. ఇండియా స్టాంపు మీద బర్మా అని అచ్చు వేసినవి 1937 ఏప్రిల్ 1 నుంచి. స్టాంపు ఊడదీసి ఎవరికీ ఇవ్వకండి, పోస్టు ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి.

ప్రశ్నల_సంచి:
ఇప్పుడు అసలు పని, అడగడం. 13 ఏళ్ల పిల్ల అడగడం మీకు కలిసొచ్చే విషయం. పెద్దవాళ్ళం "అప్పటి పరిస్థితులు ఎలా ఉండేవి" అని అడిగి, "కష్టంగా ఉండేవి" అన్న జవాబు తెచ్చుకుంటాం. పిల్లలు "ఓడలో దొడ్డికి ఎక్కడికెళ్ళేవారు?" అని అడుగుతారు. దాని వెనకాల ఓడ మొత్తం వస్తుంది: డెక్ మీద ఎవరి చాప ఎక్కడ, వంట ఎవరిది, వాన వస్తే ఏం కప్పుకున్నారు, ఎవరు వాంతులు చేసుకున్నారు.

పుట్టుకతో మొదలుపెట్టి వరసగా రావొద్దు. మొదటి సిట్టింగ్‌లో రంగంలోని ఇల్లు మాత్రమే. పెద్ద తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి గీయమనండి. వీధి, గుమ్మం, పొయ్యి ఎక్కడ, నీళ్ళు ఎక్కడి నుంచి, పక్కింట్లో ఎవరు, వాళ్ళు ఏ భాష మాట్లాడేవారు. గీస్తున్నప్పుడు చేతికి పని ఉంటుంది, నోరు దానంతటదే కదులుతుంది. కాగితం మీద తేదీ వేసి దాచండి. రెండో సిట్టింగ్‌లో నడక, తిరిగి వెళ్ళడం. మూడోది 1960ల ఓడ, విశాఖలో దిగిన మొదటి వారం, మొదటి కూలి, మొదటి అద్దె ఇల్లు. ఆ మూడోదాన్ని చాలామంది రెండు మాటల్లో ముగించేస్తారు, దిగాక కథ అయిపోయిందనుకుని. పరాయి ఊరిలా అనిపించిన సొంత దేశంలో కుదురుకోవడమే సగం కథ. పిల్లల్ని బడిలో ఏ తరగతిలో వేశారు, తెలుగు చదవడం వచ్చా, ఊళ్ళో బంధువులు ఇంటికి రానిచ్చారా, భూమి పంచుకున్నారా, ఇవన్నీ అడగాలి.

ఫొటోలు, కాగితాలు నాలుగో సిట్టింగ్ దాకా చూపించవద్దు. ఒకసారి కాగితం చూశాక జ్ఞాపకంలోంచి చెప్పడం మానేసి కాగితం చదువుతారు.

అమ్మాయికి ముందు చెప్పి ఉంచాల్సినవి కొన్ని. ఒక్కసారి ఒక్క ప్రశ్నే. "ఎందుకు" బదులు "ఎలా" వాడమనండి. "ఎందుకు తిరిగొచ్చేశారు?" అంటే సంజాయిషీ అడిగినట్టు వినిపిస్తుంది, "వచ్చేద్దామని ఇంట్లో మాట ఎలా మొదలైంది?" అంటే దృశ్యం వస్తుంది. ఆయన ఆగితే మనసులో పది లెక్కపెట్టి అప్పుడు మాట్లాడాలి. చాలాసార్లు ఏడు, ఎనిమిది దగ్గరే మళ్ళీ మొదలుపెడతారు. "ఊఁ, ఊఁ" అనకుండా తల ఊపాలి, లేకపోతే రికార్డింగ్ నిండా ఊఁలే. పేరు, ఊరు సరిగా వినపడకపోతే మధ్యలో ఆపకుండా కాగితం మీద రాసుకుని చివర్లో అడగాలి.

అన్నిటికంటే పదునైన ప్రశ్న: "ఇది నువ్వు చూశావా తాతా, ఎవరైనా చెప్పారా?" దెప్పినట్టు కాకుండా కుతూహలంగా అడిగితే నిజాయితీగా చెప్తారు. "మా అమ్మ చెప్పేది" అన్న మాట రికార్డులో పడిపోతే కళింగ రేవు గారు చెప్పిన ఇబ్బంది తీరిపోతుంది.

"రంగం" అన్నప్పుడల్లా రంగూన్ నగరమే అనుకోకండి. మనవైపు బర్మా అంతటికీ ఆ మాటే వాడతారు. మౌల్మీన్, బస్సీన్, పెగూ, ఇన్సీన్, సిరియం, ఏదో ఒకటి కావచ్చు.

ఇంట్లో మిగతావాళ్ళు ఆ గదిలో ఉండకపోవడం మంచిది. కొడుకు పక్కనుంటే ప్రతి వాక్యం తనే పూర్తిచేస్తాడు.

కళింగ_రేవు:
ఒప్పుకుంటాను, ఒక్కచోట తప్ప. కాగితాలు ఆఖరికి అన్నారు, బాగుంది. కానీ మధ్యలో ఆపొద్దన్నారు కదా అని తప్పు తేదీని అలాగే వదిలేయడం సరికాదు. "జపాన్ వాళ్ళు తరిమేస్తే ఈ ఓడలో వచ్చాం" అని 1964 గురించి చెప్తే, ఆ మాట అలాగే మనవళ్ళ దాకా వెళ్ళిపోతుంది. ఎప్పుడో ఒకప్పుడు సరిచేయాలి.

ప్రశ్నల_సంచి:
సరిచేయాలి, ఎప్పుడన్నదే పేచీ. మొదటి మూడు సిట్టింగుల్లో సరిచేస్తే "నీకే తెలుసుగా, నువ్వే చెప్పు" అని ముగించేస్తారు. ఆఖరి సిట్టింగ్‌లో, కాగితాలు ముందు పెట్టుకుని, "ఈ ముద్ర మీద ఈ తేదీ ఉంది, నువ్వు అప్పుడు అలా అన్నావు, రెండూ ఎలా కలుస్తాయి తాతా?" అని ఆయన్నే కలపమనండి. ఒక్కోసారి కాగితమే తప్పు అవుతుంది. కుటుంబంలో సగం ముందు ఓడలో, సగం తర్వాతి ఓడలో రావడం మామూలే, ఒకరి సర్టిఫికెట్ మీది తేదీ ఇంకొకరికి వర్తించదు.

కళింగ_రేవు:
ఇది నచ్చింది. అయితే ఆ ఆఖరి సిట్టింగ్‌ని వాయిదా వేయకండి, మూడోదానికి వారంలోపే పెట్టండి. ఇంకో సంగతి, ప్రయాణం ఎన్నాళ్ళు పట్టిందన్న దాన్ని కూడా అప్పుడే సరిచూడండి. స్టీమరు నేరుగా వస్తే మూడు నాలుగు రోజులు, రేవు రేవుకీ ఆగితే ఇంకాస్త ఎక్కువ. "నెల రోజులు సముద్రం మీద" అంటే అందులో రంగూన్‌లో ఓడ కోసం కాచుకున్న రోజులు కలిసి ఉంటాయి.

తూర్పుగాలి:
అందరికీ ధన్యవాదాలు. ఒక సున్నితమైన విషయం. వాళ్ళ నాన్నకు అక్కడ ఇంకో కుటుంబం ఉండేదని, బర్మా ఆవిడని, ఇంట్లో లోపాయికారీగా అనుకుంటారు. పిల్ల అడుగుతున్నప్పుడు ఆ మాట వస్తే ఏం చేయాలి?

పాత_దస్తావేజు:
రంగం వెళ్ళిన ఇళ్ళల్లో ఇది అరుదేమీ కాదు. మగవాళ్ళే ఎక్కువగా వెళ్ళారు, ఏళ్ళ తరబడి ఉండిపోయారు. రాస్తే ఆస్తి గొడవ వస్తుందా అన్నది ముందు ఆలోచించండి.

ప్రశ్నల_సంచి:
పిల్లకు ఒకే ఒక్క పని అప్పగించండి. ఆ మాట వస్తే "తర్వాత ఏమైంది తాతా?" అని అడగకుండా, మంచినీళ్ళు తెస్తానని లేచి పెద్దవాళ్ళను పిలవాలి. ఆ భాగం పెద్దవాళ్ళు విడిగా, వేరే ఫైలుగా రికార్డు చేయాలి. ఒకే ఫైలులో కలిస్తే తర్వాత కోయడం కుదరదు, కోసిన కాపీ, కోయని కాపీ కలిసిపోతాయి.

అనుమతి కూడా ఆయన నోటితోనే, రికార్డులోనే తీసుకోండి. మూడు ప్రశ్నలు చాలు: ఇది ఎవరు వినొచ్చు? ఇప్పుడే వినొచ్చా, మీ తర్వాతా? ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా? ఏ భాగం వద్దంటే ఆ భాగం నిమిషాలతో సహా రాసి పెట్టుకోండి. నడక గురించి చెప్తూ చెల్లెలో తమ్ముడో దారిలో పోయిన చోటికి వచ్చి ఆగిపోతే, ముందుకు తోయకండి. "ఈ రోజుకి చాలు తాతా" అని పిల్లే ఆపాలి. ఆ పూట ఆయన్ని ఒంటరిగా వదలకండి, భోజనం దగ్గర ఎవరైనా పక్కన ఉండండి.

శ్రుతలేఖిని:
రాతలోకి దించే సంగతి ఎవరూ చెప్పలేదు. గంట ఆడియోకి ఆరు నుంచి ఎనిమిది గంటల టైపింగ్ అనుకోండి. వాయిస్ టైపింగ్‌కి వేస్తే ఉత్తరాంధ్ర మాట అర్థంకాక "ఎల్లినాం"ని ఏదో చేస్తుంది, బర్మా ఊళ్ళ పేర్లను తెలుగు మాటలుగా మార్చేస్తుంది. మొదటి చిత్తుప్రతికి వాడుకోండి, తర్వాత చెవితో మొత్తం సరిచూడండి.

"వచ్చాం" అని దిద్దకండి, "ఒచ్చినాం" అంటే అలాగే ఉంచండి. ప్రతి ఐదు నిమిషాలకూ సమయం వేయండి. వినపడని మాట దగ్గర ఊహించి రాయకుండా ప్రశ్నార్థకం పెట్టండి. చూసి చెప్పినదానికి చూ, విని చెప్పినదానికి వి అని మార్జిన్‌లో గుర్తు వేస్తే మళ్ళీ చదివేవాళ్ళకు హాయి. బర్మా మాటలు, తిండి పేర్లు, మొహింగా (చేపల పులుసుతో నూడుల్స్), తనాఖా (ముఖానికి రాసుకునే చెక్క గంధం) లాంటివి ఆయన పలికినట్టే తెలుగులో రాసి, చివర్లో చిన్న పట్టిక కట్టండి.

వీధుల పేర్లకు ఇంకో పట్టిక. ఆయన చెప్పేవి పాత పేర్లు, ఇప్పటి మ్యాపులో ఉండవు. డల్హౌసీ స్ట్రీట్ ఇప్పుడు మహాబందూల, ఫ్రేజర్ స్ట్రీట్ అనవ్‌రథా, మాంట్‌గోమరీ స్ట్రీట్ బోజో ఆంగ్‌సాన్, మొఘల్ స్ట్రీట్ ష్వేబోంథా. ఊళ్ళ పేర్లు 1989లో మారాయి: రంగూన్ యాంగోన్, పెగూ బాగో, ప్రోమ్ ప్యే, మౌల్మీన్ మవ్లమ్యైన్, బస్సీన్ పథేన్. రాతలో ఆయన అన్న పేరే ఉంచి, పట్టికలో కొత్తది ఇవ్వండి. మనవరాలు మ్యాపులో వేలు పెట్టి వెతుక్కోవడానికి అది కావాలి.

రెండు ప్రతులు చేయండి. ఒకటి ఉన్నదున్నట్టు మొత్తం. రెండోది ఆ అమ్మాయి తన మాటల్లో రాసే పది పేజీల కథ. రెండోది రాయగానే మొదటిదాన్ని తీసేసే ఇళ్ళున్నాయి, ఆ పని చేయకండి.

గోదారి_పిల్ల:
ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన పాత ఫొటో ఉంటే ఎలా? స్కాన్ చేయాలంటే బయటికి తీయాలి కదా.

నాణేలపెట్టె:
తీయకండి. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. నీళ్ళు, హెయిర్ డ్రయ్యర్ చిట్కాలు ఇంట్లో ప్రయత్నించవద్దు. అద్దంతో సహా కిటికీ పక్క నీడలో పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్ వెనకాల నల్లబట్ట పట్టుకుని ఫొటో తీయండి, ప్రతిబింబం పడదు. కొంచెం ఏటవాలుగా తీసి తర్వాత నిటారు చేస్తే నాణ్యత పోతుంది, ముందే నేరుగా పెట్టండి.

విడిగా ఉన్న ఫొటోలైతే స్కానర్‌లో 600 డీపీఐ, టిఫ్ ఫార్మాట్, వెనక వైపు కూడా. స్టూడియో ముద్ర, చేతిరాత అంతా వెనకే ఉంటాయి. పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలుతో వెనక అంచున రాయండి, బాల్‌పెన్ గీత ముందుకు తేలుతుంది. పాత సర్టిఫికెట్లను లామినేషన్ చేయించవద్దు, చిరిగినచోట ప్లాస్టర్ టేపు వేయవద్దు, ఆ జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. స్కాన్లను బంధువుల గ్రూపులో పెట్టేముందు పాస్‌పోర్టు నంబరు, బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు కప్పేయండి.

తూర్పుగాలి:
ఫొటో వెనక పెన్సిలుతో బర్మా లిపిలో ఏదో రాసి ఉంది. చదివేవాళ్ళు దొరికేదాకా ఎలా ఉంచాలి?

నాణేలపెట్టె:
ఏటవాలు వెలుతురులో, అంటే టార్చి పక్కనుంచి వేసి, ఇంకో ఫొటో తీయండి. చెరిగిన పెన్సిలు గీత కూడా లేస్తుంది. ఆ ఫొటో ఇక్కడ పెట్టండి, కానీ అందులో చిరునామా ఉండొచ్చు కాబట్టి కింది సగం కప్పి.